జూలు మిగిలింది

సింహం మొరిగింది.

2013 ఆగస్టు. చైనాలోని హెనాన్ ప్రావిన్స్, లువోహె పట్టణంలో ఒక జంతు ప్రదర్శనశాల. ఏ జంతువు ఎలా అరుస్తుందో కొడుక్కి వినిపిద్దామని ఒక తల్లి పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. 'ఆఫ్రికా సింహం' అని బోర్డు ఉన్న బోను ముందు ఇద్దరూ ఆగారు. లోపల మెడ చుట్టూ దట్టంగా జూలున్న పెద్ద జంతువు. పిల్లాడు చెవులు రిక్కించాడు. జంతువు నోరు తెరిచి 'భౌ'మంది.

ముందు ఆ ఊరు నవ్వింది, తర్వాత లోకమంతా నవ్వింది. సింహాన్ని సంతానోత్పత్తి కేంద్రానికి పంపామని, బోను ఖాళీగా ఉంటే తమ ఉద్యోగి ఒకరి కుక్కను అందులో ఉంచామని జూ వాళ్లు సంజాయిషీ ఇచ్చుకున్నారు. తోడేలు బోనులోనూ కుక్కే ఉందట. వార్త చదివి నేనూ నవ్వాను. సింహం బోనులో ఉన్నది టిబెటన్ మాస్టిఫ్ అని తర్వాతి వాక్యంలో తెలిసింది. నవ్వు అక్కడితో ఆగిపోయింది. అప్పటికి ఏళ్ల తరబడి ఆ దేశంలో డబ్బున్నవాళ్లు ఎందరో ఆ కుక్కను సింహంగా మార్చడానికే పాటుపడుతున్నారు. జూ వాళ్లు అదనంగా చేసిందల్లా బోర్డు రాయడమే.

టిబెట్ భాషలో దాని సొంత పేరు దో-ఖ్యీ. కట్టేసిన కుక్క అని కొందరు అర్థం చెబుతారు, గుమ్మం దగ్గరి కుక్క అని ఇంకొందరు. ఏది సరైనదైనా దాని బతుకు ఆ రెండు మాటల్లోనే ఉంది. మందలతో పాటు తిరిగేదాన్ని డ్రోగ్-ఖ్యీ అంటారు, అంటే పచ్చిక బయళ్ల సంచారుల కుక్క అని. సముద్రమట్టానికి 4,000 మీటర్ల ఎత్తున, చెట్టు మొలవని చోట, జడలబర్రె వెంట్రుకలతో నేసిన నల్లటి గుడారం. దాని పక్కన నేలలో దిగ్గొట్టిన గుంజ. గుంజకు గొలుసు, గొలుసు చివర కుక్క. మెడలో ఎర్రరంగు అద్దిన జడలబర్రె వెంట్రుకల పట్టీ. పగలంతా అది మూతి ముందుకాళ్ల మీద ఆనించి పడుకుంటుంది. చీకటి పడ్డాక ఇంటి ఇల్లాలో, పెద్ద పిల్లో వచ్చి గొలుసు విప్పుతుంది. దాని పని అప్పుడు మొదలవుతుంది.

ఆ పని ఎవరూ నేర్పింది కాదు. పోలీసు కుక్కలాగా అది పిలుపు కోసం చూడదు, ఈల విని ఉరకదు. గుడారం చుట్టూ, మంద చుట్టూ తన లెక్క ప్రకారం తిరుగుతుంది. గాలి ఎటునుంచి వీస్తే అటు మూతి పెడుతుంది. దాని అరుపు చిన్న కుక్కల అరుపులా సన్నగా, వరసగా రాదు. లోయ అవతల ఎవరో పెద్ద కంచుగంటను ఒక్కో దెబ్బ ఆచితూచి కొడుతున్నట్టు వస్తుంది. రాత్రంతా ఆ మోత ఉంటేనే లోపల పిల్లలకు నిద్ర పట్టేది. అరుపు ఆగిందంటే ఇంటాయనకు మెలకువ వచ్చేది.

ఆమ్‌డో ప్రాంతపు సంచారుల మధ్య ఏళ్లపాటు బతికిన అమెరికన్ మిషనరీ, పండితుడు రాబర్ట్ ఎక్వాల్ ఆ సమాజంలో కుక్క పాత్ర మీదనే 1963లో ఒక ప్రత్యేక వ్యాసం రాశాడు. అక్కడ గుడారానికి తలుపు లేదు, తాళం లేదు, ఊరికి గోడ లేదు. తలుపూ తాళమూ గోడా అన్నీ కుక్కే. పరాయివాడు దూరాన నిలబడి కేకేయాలి. ఇంట్లోవాళ్లు వచ్చి కుక్క మెడ పట్టుకుంటేనే అడుగు ముందుకు పడేది. దారిన పోయేవాళ్లు పొడుగాటి తాడు చివర బరువు కట్టి గిరగిరా తిప్పుతూ నడిచేవారు, కుక్కలు దగ్గరికి రాకుండా.

ఇదంతా విని అది ఒట్టి కోపిష్టి జంతువనుకుంటే పొరపాటు. కోపం గుణం కాదు. ఎప్పుడు కోపం తెచ్చుకోవాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలియడం గుణం. ఆ కుక్కే ఇంటి పసిబిడ్డ చెవి పట్టి లాగితే కళ్లు మూసుకునేది. గొర్రెపిల్లలు వీపెక్కి దూకినా కదిలేది కాదు. పగలు గొలుసు ఉన్నంతసేపు ఒకలా, రాత్రి గొలుసు వీడాక ఇంకోలా ఉండేది. ఇంటాయన పక్కన కూర్చుని టీ తాగుతున్న మనిషిని ఏమీ అనేది కాదు. ఆ మనిషే అర్ధరాత్రి లేచి గొర్రెల వైపు అడుగేస్తే అడ్డం నిలబడేది. ఇన్ని తేడాలు తెలిసిన జంతువును ఎవరో ఒకరు కూర్చుని తయారుచేశారనుకుంటాం. అలాంటిదేమీ లేదు. గొర్రెపిల్లను నోట కరిచిన కుక్కను ఎవరూ ఉంచుకోలేదు. పిల్లల మీద పళ్లు చూపిన దాని సంతతి ముందుకు సాగలేదు. తోడేలు వచ్చినా లేవని దానికి బార్లీ పిండి కలిపిన మజ్జిగ నీళ్లు పోసేవాళ్లు లేరు. చలి, ఆకలి, తోడేళ్లు, కాపరి కన్ను. తరతరాలుగా ఈ నాలుగే దాన్ని వడపోశాయి. ఎవరి దగ్గరా వంశావళి కాగితం లేదు.

ఆ వడపోత దాని నెత్తురు దాకా వెళ్లింది. టిబెట్ ఎత్తుల్లో గాలి పలచన. అక్కడ ఊపిరి తీసుకోవడానికి సాయపడే ఒక జన్యు రూపాన్ని ఈ కుక్కలు ఆ పీఠభూమి తోడేళ్ల నుంచే తెచ్చుకున్నాయని 2017లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఎప్పుడో ఏ చీకట్లోనో కలిసిన కలయికలు అవి. అక్కడి మనుషులకూ అదే జన్యువులో అలాంటి వరమే ఉంది. అది అంతరించిపోయిన డెనిసోవన్ అనే ప్రాచీన మానవజాతి నుంచి వచ్చింది. అంటే గుడారంలోని మనిషి, బయటి కుక్క, ఇద్దరూ అరువు ఊపిరితోనే అంత ఎత్తున నిలబడ్డారు. తోడేలు నుంచి ఊపిరి తెచ్చుకుని తోడేలునే కాచింది ఆ కుక్క. ఇంకో సంగతి. చాలా కుక్కలు ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తే, ఈ జాతి ఆడది ఒక్కసారే వస్తుంది, చలికాలం ముంగిట. ఎదుగుదలా నెమ్మదే. మగదానికి నాలుగేళ్లు నిండితే గాని నిండుతనం రాదు. తొందర అన్నది దాని ఒంట్లోనే లేదు. దాని కథ చెడగొట్టింది మాత్రం తొందరే.

బయటి లోకం దాన్ని చూసి ముచ్చటపడటం కొత్తేమీ కాదు. వారెన్ హేస్టింగ్స్ పంపగా 1783లో టిబెట్ వెళ్లిన శామ్యూల్ టర్నర్ దారిలో కొయ్య బోనుల వరస చూశాడు. లోపల గర్జిస్తున్న భారీ టిబెట్ కుక్కల గురించి తన పుస్తకంలో రాసుకున్నాడు. 1847లో మన గవర్నర్ జనరల్ హార్డింజ్ ఒకదాన్ని విక్టోరియా రాణికి పంపాడు. 1958లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు నేపాల్ నుంచి రెండు కానుకగా వెళ్లాయి. అవి వైట్‌హౌస్‌లో ఉండలేదు, ఎక్కడో పొలానికి చేరాయి. ఒకటీ అరా వెళ్లినందువల్ల జాతికి వచ్చిన ముప్పేమీ లేదు. రాజులు ముచ్చట తీరాక మరిచిపోతారు. వ్యాపారి మరిచిపోడు.

కుక్కను తీసుకెళ్లి బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టినా దాని పాత గుణం పోదని సుమతీ శతకకారుడు అన్నాడు. మనం చిన్నప్పుడు బళ్లో వల్లెవేసిన సంగతే. టిబెటన్ మాస్టిఫ్ కథ చదివిన దగ్గర్నుంచి నాకు ఆ కవితో ఒక పేచీ ఉంది. సింహాసనం ఎక్కితే గుణం పోతుంది. ఎంతో కాలం కూడా పట్టదు, పది పదిహేనేళ్లు చాలు.

2009 సెప్టెంబరులో షియాన్ నగర విమానాశ్రయం బయట 30 నల్లటి మెర్సిడెస్ కార్లు బారులు తీరాయి. వచ్చింది మంత్రి కాదు, సినిమా నటుడు కాదు. చింగ్‌హాయ్ ప్రావిన్స్‌లోని యూషు నుంచి దిగిన ఏడాదిన్నర కుక్క. పేరు 'యాంగ్‌త్సే నది నంబర్ 2'. భుజం దగ్గర 80 సెంటీమీటర్ల ఎత్తు. ఒక సంపన్న మహిళ దాన్ని 40 లక్షల యువాన్లకు కొన్నది. 2011లో 'హోంగ్ డోంగ్' అనే ఎర్రకుక్క, ఇంకా పదకొండు నెలల పిల్ల, కోటి యువాన్లు పలికింది. డాలర్లలో దాదాపు 15 లక్షలు. కొన్నది బొగ్గు వ్యాపారి అన్నారు. దానికి కోడిమాంసం, గొడ్డుమాంసంతో పాటు సముద్రపు విలువైన తిండి కూడా పెడతామని అమ్మినవాడు గొప్పగా చెప్పుకున్నాడు. కొన్నవాడికి నష్టం రాదనీ లెక్క చెప్పాడు. ఒక్కసారి దాటించడానికి లక్ష యువాన్లు వసూలు చేయవచ్చట. వంద ఆడకుక్కలు వస్తే పెట్టుబడి చేతికొచ్చినట్టే. 2014 మార్చిలో జెజియాంగ్‌లో జరిగిన ఖరీదైన పెంపుడు జంతువుల సంతలో బంగారు రంగు కుక్క ఒకటి 1.2 కోట్ల యువాన్లకు అమ్ముడైందని పత్రికలు రాశాయి. కొన్నది ఇళ్ల స్థలాల వ్యాపారి. ఇలాంటి ధరల్లో చాలా భాగం పెంపకందారులు తమలో తాము ఆడుకునే నాటకమని, సరుకు గిరాకీ పెంచడానికి చాటింపు వేస్తారని ఆ రంగంలోని వాళ్లే అప్పట్లో పెదవి విరిచారు. నిజమే కావచ్చు. నాటకమైనా, ఆ నాటకం చూసి నిజంగా అప్పుచేసి కుక్కలు కొన్నవాళ్లు వేలమంది.

వంద ఆడకుక్కల లెక్క దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది. పతనం అక్కడుంది, మెర్సిడెస్ కార్లలో కాదు. కాపరి తన కుక్కను దాటించాలంటే ఏం చూసేవాడు? నిరుడు తోడేళ్లు వచ్చిన రాత్రి అది ఏం చేసిందో చూసేవాడు. కొత్త కొనుగోలుదారు దగ్గర రాత్రీ లేదు, తోడేలూ లేదు. ఫోటో ఉంది. ఫోటోలో కనిపించేవి మూడే. ఎత్తు, తల లావు, జూలు. కాబట్టి ఆ మూడే పెరిగాయి. తల ఎంత సింహంలా ఉంటే అంత ధర. దట్టమైన జూలున్న రకానికి సింహపు తల అని, బోసిగా ఉన్నదానికి పులి తల అని పేర్లు పెట్టారు. కుక్క తల అన్నదానికి గిరాకీ లేదు. జూలు కోసం, బరువు కోసం వేరే పెద్ద జాతులతో దాటించారు. నుదుటి మీద ముడతలు ఎక్కువైతే రాజసం అన్నారు. ముడతలు పెరిగి కనురెప్పల మీదికి జారాయి. రెప్పలు లోపలికో బయటికో తిరిగి, కళ్లు ఎర్రబడి నీరు కారేవి. రాత్రంతా చీకటిని చూడాల్సిన జంతువుకు కళ్లెదుట తన చర్మమే అడ్డం వచ్చింది. బీజింగ్‌లో ఒకాయన తన మాస్టిఫ్ నుదుటి ముడతలు తీయించి అందంగా చేయిద్దామని శస్త్రచికిత్సకు తీసుకెళ్తే కుక్క బల్ల మీదే చచ్చిపోయింది. ఆయన 8,80,000 యువాన్ల పరిహారం కోసం దావా వేశాడు. అందంగా ఉంటేనే దాటించడానికి గిరాకీ ఉంటుందన్నది ఆయన వాదన.

ఇదంతా పైకి కనిపించే చెడు. లోపలిది ఇంకా లోతు.

అమెరికాలో రేమండ్ కాపింజర్, లోర్నా కాపింజర్ అనే దంపతులు 1970ల చివర్లో మందకాపు కుక్కల మీద పెద్ద ప్రయోగం చేశారు. ఇటలీ, టర్కీ, యుగోస్లావియాల నుంచి అలాంటి జాతుల పిల్లలను తెచ్చి వందలకొద్దీ రైతులకు ఇచ్చి, ఏళ్లపాటు గమనించారు. వాళ్లు తేల్చింది మన ముసలి గొర్లకాపరి ఎవర్నడిగినా చెప్పే మాటే. నాలుగో వారం నుంచి పదహారో వారం లోపల ఆ పిల్ల ఎవరి మధ్య పడుకుందో వాళ్లే దాని వాళ్లు. గొర్రెల ఊపిరి వింటూ పెరిగితే గొర్రెలు దాని వాళ్లు. ఆ వారాలు దాటిపోతే తర్వాత ఎంత తర్ఫీదు ఇచ్చినా, ఎంత గొప్ప వంశమైనా లాభం లేదు. మొక్కై వంగనిది మానై వంగదు. మంచి మందకాపు కుక్కకు మూడు గుణాలుండాలన్నారు వాళ్లు. మందను వదలకుండా అంటిపెట్టుకోవాలి, మందకు హాని చేయకూడదు, హాని చేసేదాన్ని రానివ్వకూడదు. మూడోదొక్కటే ఉండి మొదటి రెండూ లేకపోతే మిగిలేది 60 కిలోల భయం.

చైనా పెంపకశాలల్లో ఆ పదహారు వారాలు ఎక్కడ గడిచాయి? ఇనుప కమ్మీల గదుల్లో, సిమెంటు నేల మీద. పక్క గదిలో ఇంకో కుక్క, దాని పక్కన ఇంకొకటి. ఎదురుగా కొనడానికి వచ్చిన కొత్త ముఖాలు రోజుకు పది. ఎవరు ఇంటివాళ్లు, ఎవరు పరాయి? కాయాల్సిందేమిటి? ఎప్పుడు చీకటి? ట్యూబ్‌లైట్ల కింద చీకటే పడదు. చూడటానికి వచ్చినవాళ్ల మీదికి కమ్మీలు విరిగేలా ఎగిరిపడితే యజమాని మురిసిపోయేవాడు, చూశారా ఎంత పౌరుషమో అని. అది పౌరుషం కాదు, దిక్కుతోచని కోపం. పడుకునే సమయం తెలియని కుక్క కోపం. దీన్ని కొని నగరంలోని విల్లాకు తీసుకెళ్తే రెండే జరిగేవి. అది పనివాళ్లనో, పక్కింటి పిల్లనో కరిచేది. లేదా పెంపకశాలలోనే జంకి, ఉరుముకు కూడా మంచం కిందికి దూరేది. రెంటికీ జూలు మాత్రం ఘనంగా ఉండేది.

కాపలా కుక్క గుణాన్ని కాగితాల మీద కాపాడాలని చూసినవాళ్లు లేకపోలేదు. జర్మనీలో సైనికాధికారి మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ 1899లో ఒక గొర్రెల కుక్కను కొని, అదే ఏడాది ఏప్రిల్ 22న జర్మన్ షెపర్డ్ సంఘం పెట్టాడు. అందం పనిలోంచి రావాలి తప్ప పని అందంలోంచి రాదన్నది ఆయన పట్టుదల. పరీక్షలు పెట్టాడు, పోటీల్లో పనికే పెద్దపీట వేయించాడు. సరిగ్గా 37 ఏళ్ల తర్వాత అదే తేదీన చనిపోయాడు. ఆ తర్వాత ప్రదర్శన బల్ల మీదికి వచ్చిన షెపర్డ్‌లకు నడుము ఎలా వాలిపోయిందో ఇవాళ ఏ పశువైద్యుణ్ణి అడిగినా చెబుతాడు. అంత శ్రద్ధ పెట్టినచోటే అలా జరిగితే, శ్రద్ధ అన్న మాటే వినని సంతలో ఏం జరుగుతుంది?

మన వైపు కురుమలు, గొల్లలు వలస వెళ్లేటప్పుడు మంద వెనక నడిచే కుక్కలను చూశారా? బక్కగా, చెవి చిరిగి, దుమ్ము రంగులో ఉంటాయి. వాటికి జాతి పేరు లేదు, ఫోటోకు పనికిరావు, ఎవరూ కొనరు. మంద పొలంలో విడిది చేసిన రాత్రి మాత్రం వాటిని దాటి ఒక్క నక్క రాలేదు. పేరు లేకపోవడమే వాటి అదృష్టం అనిపిస్తుంది నాకు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఏసీ గదుల్లో సైబీరియన్ హస్కీలను చూసినప్పుడు ఇంకా బాగా అనిపిస్తుంది. ధర్మరాజు వెంట హిమాలయం ఎక్కిన కుక్కది ఏ జాతో వ్యాసుడు కూడా చెప్పలేదు.

నేరమంతా నగరాల ధనికులదే అని రాసి చేతులు దులుపుకోవచ్చు. అది సగమే నిజం. 2005లో యాంగ్ జిజున్ రాసిన 'టిబెటన్ మాస్టిఫ్' నవల చైనాలో విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ కుక్క స్వామిభక్తికీ వీరత్వానికీ మారుపేరైంది. ఒక జంతువును ప్రేమించి రాసిన పుస్తకం దాని కొంప ముంచగలదని ఆ రచయిత అనుకుని ఉండడు. పీఠభూమి మీదా కొత్త డబ్బు రుచి తగిలింది. దళారులు జీపుల్లో గుడారం గుడారం తిరిగారు. కాపరులు అమ్మారు. అమ్మనివాళ్ల కుక్కలను రాత్రిళ్లు మత్తు పెట్టి ఎత్తుకుపోయారు. దొంగను పట్టే కుక్కే దొంగసొమ్ము అయింది. చాలామంది కాపరులు తామే పెంపకశాలలు పెట్టుకున్నారు. జడలబర్రెలు అమ్మి మరీ పెట్టారు. పదిహేను బర్రెలు ఏడాదంతా ఇవ్వని డబ్బు ఒక్క కుక్క ఈత ఇస్తుందంటే ఏ సంసారి కాదంటాడు? కాపరిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, కానీ ఆ సంగతి దాచడమూ తగదు.

అదే కాలంలో కాపరుల బతుకే మొదలంటా మారిపోతూ ఉంది. నదుల పుట్టిల్లయిన ఆ ప్రాంతంలో పచ్చికను కాపాడాలంటూ ప్రభుత్వం 2000ల నుంచి సంచారులను రోడ్డు పక్క కాలనీలకు తరలించింది. ఒకే తీరుగా కట్టిన ఇటుక ఇళ్లు, వీధి దీపాలు. మిగిలిన పచ్చికకు ముళ్లకంచెలు వేశారు. మంద లేనివాడికి మందకాపు కుక్క దేనికి? కాలనీ ఇంటికి తాళం ఉంది. ఆ కుక్క చేసే పనిని గోడలు, కంచెలు, తాళాలు పంచుకున్నాయి. పని పోయిన కుక్కకు ధర వచ్చింది. ఆ రెండూ ఒకే సమయంలో జరగడం కాకతాళీయం అని నేననుకోను.

ఇక కూలిపోవడం. దాని గురించి పెద్దగా చెప్పడానికి ఏముంది, అన్ని బుడగలూ పేలినట్టే పేలింది. 2012 చివర్లో కొత్త నాయకత్వం అవినీతి మీద విరుచుకుపడటంతో కానుకలు, ఆడంబరాలు ప్రమాదకరం అయ్యాయి. బొగ్గు ధరలు పడ్డాయి. బీజింగ్ నడిబొడ్డున 35 సెంటీమీటర్ల కన్నా ఎత్తు కుక్కను ఉంచుకోకూడదన్న పాత నిబంధనను 2013 వేసవిలో గట్టిగా అమలు చేశారు. అప్పటికే పెంపకశాలలు కిటకిటలాడుతున్నాయి. రోజుకు కిలోల మాంసం తినే జంతువు, కొనేవాడు లేడు.

2015లో బీజింగ్‌లో జంతు ప్రేమికులు కొందరు ఒక లారీకి అడ్డంపడి ఆపారు. కోళ్లను తరలించే ఇనుప పెట్టెల్లో నూట యాభై దాకా కుక్కలు కుక్కి ఉన్నాయి. వాటిలో ఇరవైకి పైగా టిబెటన్ మాస్టిఫ్‌లు. ఈశాన్యంలోని కబేళాకు వెళ్తున్నాయి, తలకు సుమారు 5 డాలర్ల లెక్కన. మాంసం కూరలోకి, తోలు చేతి తొడుగుల లోపలి పొరకు. వాటి తాతల కోసమే ఆరేళ్ల కిందట షియాన్‌లో కార్లు బారులు తీరి ఉంటాయేమో. ఎవరికి తెలుసు, వంశావళి కాగితాలు ఎవరూ ఆ పెట్టెల్లో పెట్టలేదు.

పీఠభూమి మీద పెంపకశాలలు పెట్టినవాళ్లకు లారీ కూడా దొరకలేదు. బౌద్ధుల ఇళ్లలో కుక్కను చంపరు. తిండి పెట్టే స్తోమత లేదు. గొలుసు విప్పేశారు. ఇదివరకు విప్పడం అంటే పనికి పంపడం. ఇప్పుడు విప్పడం అంటే వదిలేయడం. చింగ్‌హాయ్‌లోని యూషు, గోలోక్ వైపు బౌద్ధ మఠాల చుట్టూ, చెత్తకుప్పల దగ్గర, రోడ్ల వెంబడి కుక్కలు గుంపులు కట్టాయి. కొన్ని మఠాల భిక్షువులు తమకున్న దాంట్లోంచే బార్లీ పిండి ముద్దలు చేసి పెట్టారు. కొన్నిచోట్ల కంచె వేసి ఆశ్రయాలు కట్టారు. చాలలేదు. గుంపు కట్టిన కుక్క గుడారపు కుక్క కాదు. బడికి వెళ్లే పిల్లల మీద పడింది. ఏ మందలను కాచిందో ఆ మందల్లోనే గొర్రెలను చీల్చింది. మంచు చిరుతను అది వేటాడిన జంతువు దగ్గర కూడా నిలవనీయకుండా కుక్కలు తరిమిన దృశ్యాలు కెమెరాలకు చిక్కాయి. కుక్కల పేగుల్లో ఉండే ఒక బద్దెపురుగు గుడ్లు నీళ్లలోకి, చేతుల మీదికి చేరి మనిషి కాలేయంలో తిత్తులు కడుతుంది. ఆ జబ్బు లోకంలో ఎక్కువగా ఉన్న చోట్లలో ఈ పీఠభూమి ఒకటి. ఊరి పిల్లలకు తల్లులు కొత్త జాగ్రత్త నేర్పారు. కుక్క కనిపిస్తే రాయి తీసుకో అని.

తోడేలు ఊపిరితో బతికిన జంతువు చివరికి తోడేలు పాత్రలోకి దిగింది. అందులోనూ తోడేలుకున్న నేర్పు లేదు.

మన ఊళ్లలో చలికాలం మొదలవగానే టిబెటన్లు స్వెట్టర్ల దుకాణాలు వేస్తారు. ఏటా వచ్చే ముఖాలే. ఉన్ని టోపీ బేరమాడుతూ ఎప్పుడో ఒకసారి దో-ఖ్యీ సంగతి అడగాలనుకుంటాను. వాళ్లలో చాలామంది కర్ణాటక శిబిరాల్లోనే పుట్టి ఉంటారన్నది గుర్తొచ్చి, టోపీకి డబ్బులిచ్చి వచ్చేస్తాను.

పెమా సేదెన్ అనే టిబెట్ దర్శకుడు 2011లో 'ముసలి కుక్క' అనే సినిమా తీశాడు. 2023లో ఆయన పోయారు. అందులో ఒక ముసలి కాపరి, అతని కొడుకు. ఎలాగూ దొంగలు ఎత్తుకుపోతారు కదా అని కొడుకు ఇంటి మాస్టిఫ్‌ను దళారికి అమ్మేస్తాడు. తండ్రి పట్నం వెళ్లి డబ్బు తిరిగిచ్చి కుక్కను వెనక్కి తెచ్చుకుంటాడు. దళారి మళ్లీ వస్తాడు, ఎక్కువ ధర చెబుతాడు. దొంగలు వస్తారు. మళ్లీ దళారి. ముసలాయన పెద్దగా మాట్లాడడు. అందులో ఒక దృశ్యం ఉంది, కథకు దానితో పనేమీ లేదు. మందలోంచి తప్పిపోయిన ఒక గొర్రె ముళ్లకంచెకు ఇవతల ఉండిపోతుంది. అవతల మంద. దూరడానికి చోటు వెతుకుతుంది, తల పెడుతుంది, వెనక్కి తీస్తుంది, ఇంకోచోట పెడుతుంది. కెమెరా కదలదు.

చివర్లో ముసలాయన కుక్కను తీసుకుని పచ్చిక మీదికి వెళ్తాడు. కంచె గుంజ ఒకటి ఉంటుంది. కుక్క మెడకున్న గొలుసును గుంజ మీదుగా వేసి, రెండో కొస భుజాన పట్టుకుని ముందుకు వంగి లాగుతాడు. కుక్క పెనుగులాడుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. ఆయన గొలుసు వదిలేసి వెనక్కి చూడకుండా గుట్ట ఎక్కుతాడు. ఆయాసం వినిపిస్తూ ఉంటుంది. అంత ఎత్తులో, అంత వయసులో, ఆ గాలిలో నడక కష్టం.

ఆ ఏడే పదకొండు నెలల ఎర్రకుక్క కోటి యువాన్లు పలికింది.